మార్త పేరు మీద కూర్చున్నవాళ్లు

మార్త పుట్టిందీ పెరిగిందీ భివండీలోనే. ఆమె నాయన జగిత్యాల దిక్కు నుంచి ఒక బొంత, రెండు గిన్నెలు పట్టుకుని వచ్చి కనేరిలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి నిలబడ్డాడు. తల్లి వాళ్ల ఒంటి గది ఖోలీలో కూర్చుని కండెలు చుట్టేది. మార్త ఏడో తరగతి దాకా మరాఠీ బడికి పోయింది, ఆ పైన తల్లి పక్కనే ఇంకో రాట్నం పడింది. తెలుగు అక్షరాలు ఆదివారాలు చర్చిలో నేర్చుకుంది. ఇంగ్లీషు అక్షరాలు మందుల పెట్టెల మీద, బస్సుల మీద చూసి కూడబలుక్కుంది. చేతిరాత మాత్రం ఎవరు పెట్టిన భిక్షో గానీ ముత్యాల కోవ. ఆ రాతే ఆమెకు పని తెచ్చిపెట్టింది. పెళ్లయి ఇద్దరు పిల్లల తల్లయ్యాక ముఖేష్ సేట్ కంపెనీలో కుదిరింది. సాంచె నుంచి దిగిన బట్ట తానును అక్కడ టాకా అంటారు. టాకాను బల్ల మీద పరిచి, కొలిచి, మడిచి, కొసన నంబరు వేయాలి. మార్త వేసిన నంబరు గది ఆ మూల నుంచి కూడా చదవొచ్చని పేరు.

ముఖేష్ సేట్ పరాయివాడేం కాదు, మన తెలుగువాడే. తండ్రి కనుకయ్య నాలుగు సాంచెలతో మొదలుపెడితే, కొడుకు చేతికి వచ్చేసరికి కనేరిలో రెండు కార్ఖానాలు, నిజాంపురాలో దుకాణం, మాన్కోలిలో గోదాం అయ్యాయి. మూడు చోట్ల ఉన్న సరుకు ఒక్క చోట కనబడాలని ఆయన పెద్ద సాఫ్ట్‌వేర్ కొన్నాడు. కొన్నప్పుడు ఆరు ఐడీలు ఇచ్చారు. ఒక్కో ఐడీకి ఒక్కో మనిషి పేరు. ఆ మనిషికి మాత్రమే తెలిసిన ఒక పాస్‌వర్డ్. ఆ మనిషి తప్ప ఇంకొకరు దాని మీద కూర్చోకూడదని కాగితంలో రాసి ఉంది. ఆ కాగితం ఎవరూ చదవలేదు. ఆరింట్లో ఒకటి మార్తకు వచ్చింది.

"నీ రాత బాగుంటది, నువ్వే కూసో," అన్నాడు సేట్.

కంప్యూటర్‌లో అందరి రాతా ఒక్క తీరే ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. పాస్‌వర్డ్ ఏం పెట్టుకుంటావని అడిగినప్పుడు మార్త ఆలోచించలేదు. కూతురి పేరు, కూతురు పుట్టిన సంవత్సరం. శారోన్ 2010.

భివండీలో ఒక పద్ధతి ఉంది. సాంచె ఆగకూడదు. పనివాడికి జ్వరమొచ్చినా, ఊళ్లో చావు కబురొచ్చినా, తన జాగాలో ఇంకొకడిని నిలబెట్టి పోవాలి. వాడిని బద్లీ అంటారు. పుస్తకంలో పేరు మారదు. బద్లీవాడు నేసిన బట్ట కూడా ఊరికి పోయినవాడి పేరు మీదే ఎక్కుతుంది. తిరిగొచ్చాక వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు. ఇది తప్పని ఎవరూ అనుకోరు. పేదవాడి జాగా పోకుండా కాపాడేది ఆ పద్ధతే. తాతల నాటి నుంచి సాంచెల మీద నడిచిన ఆ పద్ధతి ఒకరోజు కంప్యూటర్ల మీదికి కూడా ఎక్కింది. అది ఎక్కిన రోజును మార్త మరిచిపోలేదు, మరిచిపోదు.

2021 సెప్టెంబర్ ఐదున శారోన్‌ను ఠాణాలో దవాఖానలో చేర్చారు. డెంగీ. పదకొండేళ్ల పిల్ల. ఎనిమిదో తారీఖు పొద్దున మార్త వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఉంది. రక్తం తెమ్మని రాసిచ్చిన చీటీ పట్టుకుని మొగుడు సుందర్‌రాజు అప్పుడే కిందికి ఉరికాడు. పదకొండు దాటాక ఫోన్ మోగింది.

"మార్తా, పాస్‌వర్డ్ చెప్పు. మాన్కోలిల రెండు బండ్లు నిలబడ్డయి," అన్నాడు సేట్.

"సేట్, పిల్లకు మంచిగ లేదు. ప్లేట్‌లెట్లు పడిపోయినయట."

"దేవుడు చూసుకుంటడు తియ్. రితేష్ కూసున్నడు నీ జాగల, బద్లీ లెక్కనే. చెప్పు, రాసుకుంటున్నడు."

మార్త చెప్పింది. రితేష్‌కు అర్థం కాలేదంటే మళ్లీ చెప్పింది. లోపల మంచం మీద పిల్ల మూలుగుతుంటే, బయట ఆ పిల్ల పేరును ఎస్ అని, హెచ్ అని, ఏ అని ముక్కలు ముక్కలుగా కోసి ఫోన్‌లో వేసింది. పని అయిపోయింది, సేట్ ఫోన్ పెట్టేశాడు. మర్నాడు పొద్దుటికి శారోన్ లేదు.

సేట్ సమాధుల దొడ్డికి వచ్చాడు. రాలేదని అబద్ధం చెప్పకూడదు. కొత్త శిలువ మీద పేరు చదివాడు, సుందర్‌రాజు భుజం తట్టాడు, బండెక్కి పోయాడు.

పన్నెండు రోజుల తర్వాత మార్త పనికి వచ్చింది. తన కంప్యూటర్ పైన గోడ మీద జానెడేసి తెల్లటి అక్షరాలతో కూతురి పేరు ఉంది. పక్కన 2010. మార్త అట్లాగే నిలబడిపోయింది.

కార్ఖానా పెద్ద గుమస్తాను అక్కడ మెహతా అంటారు. మెహతా ఆగయ్య అరవై దాటినవాడు, కనుకయ్య కాలం నుంచి ఉన్నవాడు. ఆయన గోడ వైపు చెయ్యి చూపించాడు.

"గడియకొకడు వచ్చి పాస్‌వర్డ్ ఏంది, పాస్‌వర్డ్ ఏంది అని పాణం తింటున్నరు బిడ్డా. సాంచెలకు నంబర్లు ఏసే పెయింటర్ వచ్చిండు. గదే డబ్బా, గదే బ్రష్. ఆరు కంప్యూటర్ల మీద ఏపిచ్చిన. ఇగ ఎవ్వలు అడుగరు."

సాంచె పైన గోడ మీద నంబరు ఉంటుంది, ఎవడు నిలబడితే వాడిది. కంప్యూటర్ కూడా అంతే అనుకున్నాడు ఆయన. ఇంగ్లీషు రాదు. రితేష్ రాసుకున్న చీటీలో ఎట్లా ఉందో అట్లా గీయించాడు. శారోన్ అనేది చర్చి పేరు. బస్తీలో ఆ పిల్లను అందరూ చిన్ని అనేవాళ్లు, ఆగయ్య కూడా చిన్ని అనే అనేవాడు. రెండు వారాల తర్వాత ఎవరో చెబితే మొహం పాలిపోయి వచ్చాడు.

"నాకు ఎర్కలే బిడ్డా. నా కండ్లు పోను. ఇప్పుడే సున్నం కొట్టిపిస్త."

"ఉండనీ కాకా," అంది మార్త.

ఎందుకు ఉండనిచ్చింది? ఇంట్లో ఆ పేరు పలికే దిక్కు లేక. సుందర్‌రాజు శారోన్ ఫోటో తీసి పెట్టెలో అడుగున పెట్టాడు. పేరెత్తితే లేచి బయటికి పోయేవాడు. పెద్దపిల్లవాడు స్టీవెన్ తండ్రిని చూసి తానూ నోరు మూసుకున్నాడు. మూడు ప్రాణాలున్న ఆ ఖోలీలో నాలుగో మనిషి ఎన్నడూ లేనట్టే ఉండేది. కార్ఖానాలో మాత్రం రోజుకు ఇరవై సార్లు ఎవడో ఒకడు "శారోన్ దో హజార్ దస్" అని అరిచేవాడు. మాన్కోలి నుంచి ఫోన్ చేసి అడిగేవాళ్లు, నిజాంపురా నుంచి అడిగేవాళ్లు. మార్త ఒక్క ఐడీ మీద మూడు చోట్ల మంది కూర్చునేవాళ్లు. పోను పోను ఆ కంప్యూటర్‌కే శారోన్ అని పేరు పడింది.

"శారోన్ చాలూ హై క్యా?"

"శారోన్ ఆజ్ స్లో హై."

ఒకరోజు కరెంటు పోయి తెర నల్లబడితే, టాకాలు మోసే యూపీ హమాలీ ఒకడు నవ్వుతూ "అరే, శారోన్ మర్ గయీ" అన్నాడు. శారోన్ చచ్చిపోయిందట అని పక్కనున్నవాళ్లూ నవ్వారు. మార్త లేచి వెనుక మోరీ దగ్గరికి పోయి నల్లా తిప్పి, నీళ్లు పోతుంటే చూస్తూ నిలబడింది. కరెంటు వచ్చాక తిరిగొచ్చి నలభై ఏడు టాకాలు ఎక్కించింది. ఒక్క నంబరు తప్పు పోలేదు. ఆ కంపెనీలో మార్త అంటే అదీ. నోట్లో నాలుక లేని మనిషి, ఏమన్నా పడుతుంది. అట్లా నాలుగేళ్లు పడింది.

ఈ ఏడు సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ల నుంచి నోటీసు వచ్చింది. పది రోజుల్లో ఆడిట్‌కు వస్తాం, మీరు కొన్న ఐడీలెన్ని, వాటి మీద కూర్చునే మనుషులెందరో లెక్క చూస్తాం అని. సేట్‌కు చెమటలు పట్టాయి. ముంబై నుంచి నమ్రత అనే ఆమెను పిలిపించాడు. కంపెనీలను ఇట్లాంటి ఆడిట్లకు తయారు చేయడమే ఆమె పని. వచ్చీరాగానే కంప్యూటర్‌లో నుంచి ఒక పొడుగు కాగితం తీసింది. ఏ పేరు మీద, ఏ చోట, ఏ గంటకు పని జరిగిందో అంతా అందులో ఉంది.

"ఏ మార్తా కౌన్ హై? ఏక్ హీ టైమ్ పే తీన్ జగహ్ బైఠ్‌తీ హై, సోతీ భీ నహీ," అంది నవ్వుతూ.

నిద్ర కూడా పోని మార్త అని గదిలో అందరూ నవ్వారు. రితేష్ అయితే పొట్ట పట్టుకున్నాడు. మూడు చోట్ల కూర్చున్న మార్తల్లో ఒక మార్త వాడే.

ఆ పది రోజులూ కార్ఖానాలో జరిగిన తమాషా చూడాలి. పెళ్లిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టు కంపెనీని ముస్తాబు చేశారు. అదనపు కంప్యూటర్లు ఏడింటిని వైర్లు పీకి గోనెసంచుల వెనక పెట్టారు. ఎవరేం చెప్పాలో నేర్పించారు. ఎప్పుడూ కంప్యూటర్ ముందే ఉండే రితేష్ చేతికి కొలత కట్టె ఇచ్చి, "నేను మడతపెట్టేటోన్ని, కంప్యూటర్ నాకు ఎర్క లేదు" అని పదిసార్లు అనిపించారు. మీసాలొచ్చిన మగవాళ్లు బడిపిల్లల్లా వరుసగా నిలబడి అబద్ధాలు వల్లె వేశారు. నమ్రతకు ఈ వల్లెవేతలు నచ్చలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే నయం అని రెండుసార్లు అంది. సేట్ వినలేదు.

నాలుగో రోజు గోడలు గీకారు. బ్లేడు పట్టుకుని వచ్చినవాడు మార్తను పక్కకు జరగమన్నాడు. జరిగింది. తెల్లటి పెచ్చులు కీబోర్డు మీద, ఆమె నీళ్ల బాటిల్ మీద, ఆమె కొంగు మీద రాలాయి. గీకుదామా అని ఒక్కడూ అడగలేదు. రాసేటప్పుడూ అడగలేదు, గీకేటప్పుడూ అడగలేదు. ఆగయ్య దూరంగా తల వంచుకుని నిలబడ్డాడు. మార్త కొంగు దులుపుకుంది. ఆ రోజు ఆమె లోపల ఏదో కదిలింది. ఏడుపు అనుకుంది. నాలుగేళ్లుగా తెలిసింది అదొక్కటే కాబట్టి. అది ఏడుపు కాదని ఆరో రోజు తేలింది.

ఆరో రోజు సేట్ ఆమెను క్యాబిన్‌లోకి పిలిచాడు. నమ్రత కూడా ఉంది. బల్ల మీద ఒక కాగితం, ఇంగ్లీషులో ఉంది, కింద మార్త పేరు, పేరు కింద ఖాళీ గీత.

"చిన్న సంతకం మార్తా. పెట్టు, పో," అన్నాడు సేట్.

మార్తకు ఇంగ్లీషు వాక్యాలు రావు గానీ అంకెలు వస్తాయి. పైన మూలలో తారీఖు చదివింది. 6 సెప్టెంబర్ 2021.

"గీ తారీఖు ఎందుకు?" అని నమ్రతను హిందీలో అడిగింది.

నమ్రత ఉన్నమాటే చెప్పింది. ఈ ఐడీ మీద ఇద్దరు కూర్చోవడం మొదలైంది ఎనిమిదో తారీఖు పదకొండూ ఇరవైకి. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వనని మార్త అంతకుముందే రాసిచ్చినట్టు ఉంటే తప్పు కంపెనీది కాదు, మనిషిది అవుతుంది. సేట్‌జీ అట్లా చేయమన్నారు. అంతకుమించి ఆమెకేమీ తెలియదు, తెలిసే దారి లేదు.

మార్త సేట్ వైపు తిరిగింది.

"ఆరో తారీఖు నాడు నేను యాడున్ననో ఎర్కనా సేట్?"

"తారీఖుల ఏమున్నది. కాగితానికి ఏదో ఒక తారీఖు ఉండాలె గద."

"ఎనిమిదో తారీఖు ఫోన్ చేసింది ఎవ్వలు?"

"గది ఇప్పుడు ఎందుకు? నిన్నేమన్న జైల్ల ఏస్తరా? ఒక ఆడమనిషి తెల్వక చెప్పింది అంటె వాళ్లు గూడ ఊకుంటరు. నేను లేనా?"

"నువ్వున్నవ్ సేట్. నువ్వే అడిగినవ్."

"అడిగిన. అడిగితె చెప్పాల్నని ఉన్నదా? వద్దు సేట్ అంటె అయిపోవు."

మార్త కాగితం చేతిలోకి తీసుకుంది. అది చూసి మెత్తబడిందనుకున్నాడేమో, ఇంకో మాట వేశాడు.

"గోడ మీద ఉండనీ అని గూడ నువ్వే అన్నవట గద. ఆగయ్య చెప్పిండు. మరి నీకు గంత బాధ ఉంటె ఆనాడె చెరిపించుకుంటుంటివి."

ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. కాకికి ఆకలన్నా ఉంటుంది. నాలుగేళ్లుగా ఎవరికీ చూపకుండా గుండెలో దాచుకున్న ఒకే ఒక్క పిచ్చిపనిని తీసుకుని ఈ మనిషి బల్ల మీద సాక్ష్యంగా పెట్టాడు. బిడ్డ చచ్చిపోతుంటే అడిగినవాడు తప్పు లేనివాడయ్యాడు, బిడ్డ చచ్చిపోతుంటే చెప్పిన తల్లి తప్పు చేసినదయ్యింది. ఆ కాగితాన్ని ఆయన నోట్లో కుక్కాలనిపించింది మార్తకు. అట్లా అనిపించినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"చూసి చెప్త," అని కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని బయటికి వచ్చింది.

ఆగయ్య మెట్ల దగ్గర ఎదురుపడ్డాడు. ఆయనకు ముందే తెలుసు.

"పెట్టెయ్ బిడ్డా. ఒక్క గీత. గా ఇంటి ఉప్పు తిన్నం."

"ఉప్పు నేను కొనుక్కొని తిన్న కాకా. నువ్వు తిన్నవేమో, నువ్వు పెట్టు."

"నా మీద ఎందుకే కోపం?"

"ఉండనీ అన్న మాట నీకొక్కనికే చెప్పిన. గది సేట్ నోట్లకు ఎట్ల పోయింది?"

ఆగయ్యకు దొంగకు తేలు కుట్టినట్టయింది. మార్త ఆయన్ని దాటుకుని పోయింది. పెద్దవాడిని అట్లా దాటుకుని పోవడం ఆమెకు అదే మొదటిసారి.

సాయంత్రం సుందర్‌రాజు పని నుంచి వచ్చాడు. సాంచెలు బాగు చేసే జాబర్ పని అతనిది, మోచేతుల దాకా నూనె. అన్నం పెట్టి మార్త సంగతి చెప్పింది.

"సంతకమే గదనే. పెడితె ఏం పోతది," అన్నాడు అతను తల ఎత్తకుండా. "పని పోతె మాత్రం ఎట్ల? స్టీవెన్ ఫీజు ఉన్నది."

"ఏ తారీఖు ఏసిండ్రో అడుగవా?"

"ఏ తారీఖు?"

"సెప్టెంబర్ ఆరు. శారోన్ నోట్ల నువ్వు మోసంబి రసం పోసినవ్ సూడు, గా రోజు. నేను గా రోజు గా కార్ఖానల కూసోని, సేట్ ముంగట సంతకం పెట్టిన్నట. శారోన్ దగ్గర లేన్నట."

ఆ పేరు ఖోలీలో పలికి నాలుగేళ్లయింది. సుందర్‌రాజు ముద్ద చేతిలో అట్లాగే ఉండిపోయింది. లేచి బయటికి పోతాడనుకుంది. పోలేదు. ముద్ద పళ్లెంలో పెట్టి, చెయ్యి కడుక్కోకుండానే కూర్చున్నాడు.

"ఫోన్ చేసిండా గాడు? గప్పుడా? నేను రక్తం కోసం పోయినప్పుడా?"

"గప్పుడె."

"నాకెందుకు చెప్పలే?"

"ఎప్పుడు చెప్పాలె? పేరెత్తితె లేసి పోతివి."

అతను పళ్లెం పక్కకు జరిపాడు. తర్వాత ఒక్క మాట అన్నాడు. "పెట్టకు."

ఆడిట్ రోజు వచ్చింది. వచ్చినవాడు ఒక్కడే, సన్నటి కుర్రమనిషి, భుజాన ఒక సంచి. చాయ్ కూడా వద్దన్నాడు. గోనెసంచుల వైపు చూడలేదు, గోడల వైపు చూడలేదు. తన కంప్యూటర్ తగిలించి పావుగంట చూసి, ఇక్కడ పదమూడు మిషన్లు ఉండాలి కదా, ఆరే కనబడుతున్నాయేం అన్నాడు. పది రోజుల ముస్తాబు పావుగంటలో కారిపోయింది. కొలత కట్టె పట్టుకుని నిలబడ్డ రితేష్‌ను చూస్తే నవ్వు రావాలి. మార్తకు రాలేదు.

అతను ఒక్కొక్కరినీ పిలిచి అడిగాడు. అందరూ నేర్చుకున్న పాఠం అప్పజెప్పారు. మార్త వంతు వచ్చింది.

"ఆప్‌కే నామ్ పే ఔర్ కౌన్ బైఠ్‌తా హై?"

సేట్ వెనక నిలబడి దగ్గాడు. మార్త వెనక్కి చూడలేదు. తన పేరు మీద ఎవరెవరు కూర్చుంటారో, ఏ చోట, ఏ షిఫ్టులో, వేళ్లు మడుస్తూ పేరుపేరునా చెప్పింది. మిగతా ఐదు ఐడీల సంగతీ చెప్పింది. మొత్తం పంతొమ్మిది మంది. ఎప్పటి నుంచి అంటే, 2021 సెప్టెంబర్ ఎనిమిది, పదకొండూ ఇరవై నుంచి అంది. అతను రాసుకున్నాడు.

సేట్ ముందుకు వచ్చాడు. "సార్, కంపెనీకి పాలసీ ఉంది. ఈమె రాసిచ్చిన కాగితం ఉంది, సంతకం ఇప్పుడే పెడుతుంది," అని హిందీలో అంటూ తన దగ్గరున్న ఇంకో కాపీ చాపాడు. కుర్రవాడు దాన్ని చదివి, తిరిగి ఇచ్చేశాడు. తప్పు ఎవరిదో తమకు అక్కర లేదన్నాడు. తమ ఫారంలో దానికి జాగానే లేదన్నాడు. పంతొమ్మిది మంది కూర్చుంటే పంతొమ్మిది ఐడీలు కొనాలి, అంతే.

అంతే. ఎవరూ అడగని సాక్ష్యం కోసం, ఎవరికీ అక్కరలేని కాగితం కోసం, ఆ మనిషి మార్తను ఆమె బిడ్డ మంచం దగ్గర నుంచి లేపి తెచ్చి కార్ఖానాలో కూర్చోబెట్టాడు. పులి వస్తుందని గడపలో మేకను కట్టేశాడు. పులి రానే రాలేదు. ఇప్పుడు మేకను చూసి, నీకేం కాలేదు కదా అంటాడు.

అన్నాడు కూడా.

"పోనియ్ మార్తా, ఏం కాలే గద," అన్నాడు సేట్, కాగితాన్ని జేబులో కుక్కుకుంటూ.

మధ్యాహ్నం మూడింటికి పాత ఐడీలు మూసేశారు. కొత్త ఐడీ తెరవాలంటే ఎవరి ఫోన్‌కు వాళ్లకు ఆరంకెల నంబరు వస్తుంది, దాన్ని ఎక్కించాలి. మార్త ఐడీ తెరుచుకుంటే తప్ప ఆ రోజు టాకాల చిట్టా కదలదు. చిట్టా కదలకపోతే మాన్కోలిలో బండ్లు కదలవు. గోదాం నుంచి ఫోన్ల మీద ఫోన్లు. మార్త తన కుర్చీలో కూర్చుని ఉంది. ఫోన్ టింగుమంది. సేట్ ఆదరాబాదరాగా వచ్చి చెయ్యి చాపాడు.

"నంబర్ ఏమొచ్చింది? చెప్పు, రితేష్ ఏస్తడు."

మార్త ఆ చేతిని చూసింది.

"చెప్ప," అంది.

"అంటె?"

"చెప్ప సేట్. ఒక్కసారి చెప్పిన, సాలు."

"మాన్కోలిల మూడు బండ్లు నిలబడ్డయే."

"గప్పుడు రెండు. ఇప్పుడు మూడు. గప్పుడు నిలబడితె ఏమవుతుండె? నిలబడనీ."

మడత బల్లల దగ్గర చప్పుడు ఆగింది. తొమ్మిది మంది ఉన్నారు అక్కడ. మార్త గొంతు ఇంత పెద్దదని వాళ్లకు తెలియదు.

"నీకేం గావాలె ఇప్పుడు?" అన్నాడు సేట్ గొంతు తగ్గించి.

"నాకేం వద్దు. తెల్వక చెప్పిన ఆడమనిషి అన్నవ్ గద నన్ను. పాస్‌వర్డ్ ఎవ్వలు అడిగిండ్రో, ఎప్పుడు అడిగిండ్రో వీళ్లకు చెప్పు. చెప్పినంక నేనే ఏస్త నంబరు."

"పిచ్చి లేసిందా నీకు?"

మార్త ఫోన్‌ను బోర్లా తిప్పి ఒళ్లో పెట్టుకుంది. నిజాంపురా నుంచి ఇంకో ఫోన్ వచ్చింది, సేట్ ఎత్తలేదు. అప్పుడు ఆగయ్య వెనక నుంచి అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

"నేను ఆడనే ఉన్న సేట్ గా రోజు. ఫోన్ నువ్వే చేసినవ్. చెప్పెయ్. నోరేం అరుగది."

సేట్ మొహం కందగడ్డలా అయింది. బల్లల దిక్కు తిరిగి, కాగితం చదివినట్టు అన్నాడు. "మార్తది తప్పు లేదు. గా పాస్‌వర్డ్ నేనే అడిగిన."

"ఎప్పుడు?"

"ఆమె బిడ్డ... దవాఖానల ఉన్నప్పుడు."

"బిడ్డ పేరేంది?"

సేట్ ఆమెను చూశాడు. శిలువ మీద చదివిన మనిషే. "శారోన్," అన్నాడు.

యూపీ హమాలీలకు తెలుగు రాదు. "క్యా బోలా సేట్?" అని మడత బల్ల దగ్గరి శుభమ్‌ను అడిగారు. శుభమ్ మెల్లగా చెప్పాడు. ఆ పేరు వాళ్లకు నాలుగేళ్లుగా తెలుసు. రోజూ అరిచారు. అది ఒక పిల్ల అని వాళ్లలో ఒక్కడికీ తెలియదు. ఆనాడు కరెంటు పోయినప్పుడు నవ్వినవాడు భుజం మీది టాకా కిందికి దించి రెండడుగులు ముందుకు వచ్చాడు.

"దీదీ, హమ్ సంఝే కంపనీ కా నామ్ హై."

పర్వాలేదు అనే మాట మార్త నోటి దాకా వచ్చింది. ఏళ్ల తరబడి అందరికీ చెప్పి చెప్పి అలవాటైన మాట. దాన్ని అక్కడే ఆపేసింది.

"అబ్ మాలూమ్ హువా నా," అంది.

వాడు తల దించుకున్నాడు. మార్తకు వాడి మీద జాలి కలగలేదు, సేట్ మీద కోపం తగ్గలేదు. చెప్పించుకుంటే తగ్గుతుందనుకుంది. తగ్గేది కాదని ఇప్పుడు తెలిసింది. అయినా చెప్పించినందుకు విచారం లేదు. ఫోన్ తిప్పి అంకెలు చూసింది. కుర్చీ ముందుకు జరుపుకుంది. సేట్ ఇంకా అక్కడే, తెర మీదికి వంగి నిలబడి ఉన్నాడు.

"అటు తిరుగు సేట్," అంది మార్త.

"ఏంది?"

"పాస్‌వర్డ్ పెట్టుకోవాలె. అటు తిరుగు."

సేట్ తలుపు దిక్కు తిరిగి నిలబడ్డాడు. జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. మార్త తొందరపడలేదు.